తెల్లగొడుగు కింది ఎండ

“మీరు వెల్డింగ్ పని చేస్తారా?” అని అడిగాడు కంటి డాక్టరు.

గవరయ్య నవ్వాడు. నవ్వేసరికి కళ్ళు మూతలు పడి, నీళ్ళు రెండు చెంపల మీదికీ జారాయి. “నేదు బాబూ. నాను బెలూన్లు ఎగరేస్తాను,” అన్నాడు.

డాక్టరుకు అది వేళాకోళంలా వినిపించిందేమో, పక్కన కూర్చున్న ఇందుమతివైపు చూశాడు. ఆమె వివరంగా చెప్పింది. తమది మెరకపేటలో ఉన్న వాతావరణ కేంద్రం. తాను దానికి అధికారి. తన భర్త అక్కడే సహాయకుడు. ఓజోన్ కొలిచే బెలూనును వారం వారం ఉప్పు మడుల మధ్య నిలబడి వదులుతాడు. వదిలిన బెలూను కనుమరుగయ్యేదాకా తలెత్తి చూస్తూ నిలబడటం అతనికి అలవాటు.

“నల్లగుడ్డు మీద పొర కాలింది. లోపల శుక్లం కూడా ముదిరింది. ఈ వయసులో రావలసింది కాదు,” అన్నాడు డాక్టరు. “కుడికన్నుకు ఆపరేషన్ చేద్దాం. ఎడమకన్ను విషయంలో నేను మాటివ్వలేను.”

ఇందుమతి భర్త చెయ్యి పట్టుకుంది. డాక్టరు చీటీ మీద మందులు రాస్తూ, తలెత్తకుండానే అన్నాడు. “మీ మెరకపేట వైపునుంచి ఈ ఏడాది ఇలాంటివాళ్ళు చాలామంది వస్తున్నారండీ. బయట బెంచీల మీద చూడండి, సగం మంది వాళ్ళే. ఎండని కొలిచేవారు కదా మీరు, ఎండేమైనా పెరిగిందా?”

“లేదండీ, తగ్గింది,” అంది ఇందుమతి ఠక్కున. “అందరికీ తెలిసిన సంగతే కదా.”

నిజమే, అందరికీ తెలిసిన సంగతే. అంతకు కొన్నేళ్ళ ముందు ఎండలు భరించలేనంతగా ముదిరాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనేవారు. ఆ ఏళ్ళలో మనుషులే పిట్టల్లా రాలిపోయారు. గవరయ్య అన్న దానయ్య ఉప్పు గోకుతూ గోకుతూ మడిలోనే బోర్లా పడ్డాడు, ఆటో వచ్చేలోగానే పోయాడు. అప్పుడు దేశాలన్నీ కూడబలుక్కుని, మబ్బులకు బాగా పైన, సుద్దలాంటి తెల్లటి పొడిని విమానాలతో చల్లించడం మొదలుపెట్టాయి. ఎండలో కొంత భాగాన్ని ఆ పొడి వచ్చిన దారినే వెనక్కి పంపేస్తుంది. జనం దానికి తెల్లగొడుగు అని పేరు పెట్టుకున్నారు. గొడుగు వచ్చాక మెరకపేటలో వడదెబ్బ చావన్నది లేదు. మడుల్లో పనిచేసేవాళ్ళు తలపాగాలు తీసేశారు. మధ్యాహ్నం పాకల కింద నడుం వాల్చడం మానేశారు. ఎండ తగ్గితే ఉప్పు పేరుకోవడం ఆలస్యమవుతుంది కనుక పొద్దస్తమానం మడుల్లోనే ఉండసాగారు.

గొడుగు వల్ల ఓజోన్ పొరకు చేటు రావచ్చని మొదటినుంచీ ఒక భయం ఉంది. ఓజోన్ పలచబడితే, వేడి లేకుండానే కంటినీ ఒంటినీ కాల్చే కిరణాలు కిందికి దిగుతాయి. అందుకని ఒక ఉపగ్రహాన్ని పైన కాపలా పెట్టారు. కాపలావాడు మెలకువగా ఉన్నాడో లేదో చూడటానికి కింద కొన్ని కేంద్రాలు పెట్టారు. వాటిలో మెరకపేట ఒకటి. ఉపగ్రహం చెప్పిన ఓజోన్ కొలతను బెలూను కొలతతో సరిచూసి, రెండూ కలిశాయని ఏడాదికోసారి ధ్రువపరచడం ఇందుమతి పని. ఈసారి ఆ పనికి మరింత బరువు వచ్చి పడింది. గొడుగును ఇంకా మందం చేసి మరో తరంపాటు ఉంచాలా వద్దా అన్నది పై వారమే తేల్చబోతున్నారు.

డాక్టరు గది బయట బెంచీల మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వరసగా కూర్చున్నారు మెరకపేట జనం. ఇందుమతి గొంతు గుర్తుపట్టి ఇద్దరు ముగ్గురు లేవబోయారు.

“కూకోండి, కూకోండి,” అన్నాడు గవరయ్య. “ఏటి మీకూ ఇదేనా?”

“కళ్ళల్లో ఇసకడ్డట్టుంటాది గవరయ్యా,” అంది ఒకావిడ. “ఎండా, అంటే నేదు. సల్లగానే ఉంటాది. ఏ పాడుగాలో మరి.”

ఇసక పడ్డట్టుంది అన్న మాట ఇందుమతికి కొత్త కాదు. గవరయ్య రెండేళ్ళుగా ఇంట్లో అదే అంటున్నాడు. ఫోను చూడటం తగ్గించమని ఆమె కసురుకుంది. ఒకసారి, ఎండ కరుస్తోంది ఇందూ అంటే, ఉపగ్రహం లెక్క తెచ్చి ముందు పెట్టి మరీ నవ్వింది. రాజమండ్రిలో పుట్టి పెరిగి, పెద్ద చదువు చదివి, ఉద్యోగానికొచ్చిన ఊళ్ళో ఉప్పు మడుల ఇంటి కుర్రాణ్ణి కోరి చేసుకున్న మనిషి ఆమె. అతను చెప్పిన ఏ మాటనూ తీసిపారేసే రకం కాదు. ఆ ఒక్కమాటే తీసిపారేసింది, ఎందుకంటే అంకెలు ఆమె చేతిలో ఉన్నాయి.

మర్నాడు కేంద్రంలో, కిందటి వారం ఎగిరిన బెలూను లెక్క కట్టడానికి కూర్చుంది.

బెలూనుకు వేలాడే చిన్న పెట్టెలో ఒక పంపు ఉంటుంది. దారి పొడుగునా అది గాలిని పీల్చి ఒక ద్రావణంలోకి వదులుతుంది. గాలిలో ఎంత ఓజోన్ ఉంటే అంత కరెంటు పుడుతుంది, ఆ కబురు రేడియోలో కిందికి వస్తుంది. ఎక్కడో పైన బెలూను పగిలేదాకా వచ్చినదంతా కూడితే తలమీద ఓజోన్ ఎంతుందో తేలుతుంది. అయితే పంపులన్నీ ఒక్కలా పీల్చవు. అందుకని నమ్మదగిన మరో కొలత పక్కన పెట్టుకుని, బెలూను చెప్పిన మొత్తాన్ని దానికి సరిపోయేలా కాస్త పెంచడమో తగ్గించడమో చేస్తారు. ఇందులో తప్పేమీ లేదు, ఈ వృత్తిలో అందరూ చేసేదే. తేడా మరీ ఎక్కువ వస్తే మాత్రం పంపు చెడిందని ఆ కొలతను పక్కన పడేస్తారు. కేంద్రంలో దాన్ని “తాగి ఎగిరింది” అని నవ్వుకునేవారు. ఈమధ్య బెలూన్లు తరచూ తాగుతున్నాయి. కొత్త పంపులు నాసిరకంవి అనుకున్నారందరూ.

కంప్యూటరు ఎప్పటిలా అడిగింది, దేనికి సరిపెట్టమంటారని. ఇందుమతి వేళ్ళు అలవాటు కొద్దీ ఉపగ్రహం చెప్పిన అంకె కొట్టేశాయి. ఆమె వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

మొదట్లో మేడమీద సూర్యుణ్ణి నేరుగా చూసి కొలిచే పాత పరికరం ఒకటుండేది. బెలూనును దానితోనే సరిపెట్టేవారు. సముద్రపు గాలికి దాని అద్దాలు పాడై మరమ్మతుకు పోయింది. వచ్చేదాకా ఉపగ్రహం అంకె వాడుకోండని పైనుంచి మాట వచ్చింది. పరికరం రాలేదు. అధికారులు మారారు, ఇందుమతి వచ్చింది, వచ్చేదాకా అన్న మాట మరుగున పడింది, ఆ పద్ధతి మాత్రం ఉండిపోయింది. అంటే ఇన్నేళ్ళుగా ఉపగ్రహం అంకెతో బెలూనును సరిచేసి, ఆ సరిచేసిన బెలూనుతోనే ఉపగ్రహాన్ని సరిచూస్తున్నారు. ముద్దాయినే సాక్షి బోనెక్కించి, నువ్వు మంచివాడివేనా అని అడిగి, అవునంటే కేసు కొట్టేసినట్టు. కలవక ఏం చేస్తాయి రెండూ?

ఆమె లేచి వెళ్ళి, పాడైన పెట్టెలు పడేసే గదిలో తలుపు వేసుకుని ఏడ్చింది. తాగుబోతులని పక్కకు నెట్టిన బెలూన్లన్నీ ఒక్కటే మాట చెప్పబోయాయని, దాన్ని ఎవ్వరూ చెప్పనివ్వలేదని ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని పనిలో పడింది.

గదిలో తానే తయారుచేసిన, ఎంతుందో కచ్చితంగా తెలిసిన ఓజోన్‌ను ముందుగా పెట్టెలకు పీల్పించి చూసింది. సరిగ్గా చెప్పిన మూడింటిని ఏరింది. గవరయ్య డాక్టరు కట్టమన్న గంత ఒక కంటికి కట్టుకుని, రెండో కంటికి నల్లద్దం పెట్టుకుని, వద్దంటున్నా వచ్చాడు.

“నువ్వు గాలి ఎటుందో సూసుకోలేవు. తాడు నా సేతిలో పెట్టు,” అన్నాడు.

“తలెత్తి చూడనని మాటిస్తేనే.”

“సరే, నీ మొగమే సూస్తాన్లే.”

మూడు ఉదయాలు మూడు బెలూన్లు ఎగిరాయి. ఈసారి ఇందుమతి వాటిని దేనికీ సరిపెట్టలేదు, అవి చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. మూడూ ఒకే మాట అన్నాయి. ఉపగ్రహం ఉందన్న ఓజోన్‌లో దాదాపు మూడోవంతు లేదు. ఉపగ్రహం అబద్ధమాడలేదు, పాపం. తెల్లపొడి మెరుపు అడ్డుపడి అది కిందికి చూడలేకపోతోంది. చూడలేనిచోట పాత ఏళ్ళ సగటు వేసి పూడ్చుకోమని దాన్ని తయారుచేసిన రోజే నేర్పారు. గొడుగు లేని రోజుల్లో ఉన్న ఓజోన్ ఇప్పుడు గొడుగు కింద కూడా ఉన్నట్టు అది చెబుతోంది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయమైంది.

ఆమె హైదరాబాదుకు ఫోను చేసింది. అక్కడ అన్ని కేంద్రాలకూ పెద్ద సోమయాజులుగారు. ఇందుమతికి పాఠం చెప్పిన గురువు కూడా. ఆయన అడ్డురాకుండా అంతా విన్నారు.

“మేడమీది పరికరం వచ్చేదాకా ఉపగ్రహం అంకె వాడుకోమన్నది నేనే కదూ?” అన్నారు చివరికి.

“అవునండీ.”

“మీకొక్కరికే కాదమ్మా, చాలా కేంద్రాలకి చెప్పాను. అందరి పరికరాలూ పాతబడ్డాయి అప్పుడు. ఇది బయటపెడితే గొడుగు మందం చేయడం మాట అటుంచి, ఉన్నది కూడా మూసేస్తారు. మూసేస్తే ఎండాకాలాలు మళ్ళీ ఎలా ఉంటాయో నీకు నేను చెప్పాలా? మీ ఇంట్లోనే ఒకరు పోయారు.”

“చెప్పక్కర్లేదండీ.”

“ఓజోన్ సంగతి ఒక ఏడాది ఆగి చూస్తే? కళ్ళద్దాలు పంచుదాం, టోపీలు పంచుదాం. ప్రాణం పోవడం కంటే చూపు తగ్గడం నయం కాదంటావా?”

అది చెడ్డమనిషి అడిగిన ప్రశ్న కాదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

“ఈ లెక్క బయటపెట్టమని నేను నీకు చెప్పలేను, వద్దనీ అనలేను,” అన్నారాయన. “సమావేశంలో నీ వంతు వచ్చినప్పుడు నీకేది తోస్తే అది చెప్పు.”

ఆ సాయంత్రం గవరయ్య వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. అతని తల్లి పోలమ్మ లోపల చేపల పులుసు పెడుతోంది. ఇందుమతి అతని పక్కన కూర్చుని, సంగతంతా మెల్లగా చెప్పింది.

“నా కళ్ళ గురించయితే ఆ పని సెయ్యకు,” అన్నాడు. “అన్నయ్య ఉన్నప్పుడు ఈ గొడుగుంటే బతికుండేవోడు. ఆడు పోయిన రోజు నానే మోసుకొచ్చాను. ఒళ్ళు పెనం లాగుంది, ఇందూ. ముట్టుకోనేకపోయాను.”

“నీ కళ్ళ గురించి మాత్రమే కాదు. రేపు మడుల్లోకి దిగేవాళ్ళందరి కళ్ళూ. ఒంటిమీద పుళ్ళు. తరవాత వచ్చేవి ఇంకా పెద్దవి.”

“నిజమే అయ్యుంటాది. నువ్వంటే నిజమే.” అతను ఆమె చేతిని వెతుక్కుని పట్టుకున్నాడు. “కానీ నన్నడక్కు. అడిగితే వద్దంతాను. అన్నయ్య ఒళ్ళు గురుతొచ్చి వద్దంతాను. నీకు తెలిసింది నువ్వు సెయ్యి.”

నన్నడక్కు అన్న మాట ఆమెకు ముందు కోపం తెప్పించింది, భారమంతా తననే మొయ్యమంటున్నాడని. తరవాత అర్థమైంది. తన చూపును తూచి చెప్పమని అతనెవర్నీ అడగడం లేదు, అన్న చావును తూచమని మాత్రం ఆమె అతన్ని అడుగుతోంది. లేచి లోపలికెళ్ళి అత్తగారికి కంచాలు అందించింది.

సమావేశం తెరమీదే జరిగింది. ఒక్కో దేశం, ఒక్కో కేంద్రం. ఉపగ్రహం కొలత సరిగ్గా ఉంది, సరిగ్గా ఉంది, సరిగ్గా ఉంది. గుడిలో తీర్థం పుచ్చుకున్నంత సులువుగా ఒకరి తరవాత ఒకరు చెప్పుకుంటూ పోతున్నారు. మెరకపేట వంతు వచ్చింది. ఇందుమతి, తాను ధ్రువపరచడం లేదంది. ఎందుకో చెప్పింది. మూడు బెలూన్లు ఏమన్నాయో చెప్పింది. అక్కడున్న ప్రతి కేంద్రం బెలూనును దేనితో సరిపెడుతోందో ఒక్కసారి చెప్పమని అడిగింది.

ఒకాయన, మూడు చెడిపోయిన పంపుల కోసం ఇంతమందిని అనుమానిస్తామా అన్నాడు. మరొకామె, మెరకపేట అన్నది మ్యాపులో ఎక్కడుంటుందని మర్యాదగానే అడిగింది. మాట అక్కడితో తేలిపోయేలా ఉంది.

అప్పుడు సోమయాజులుగారు మైకు తీసుకున్నారు. తమ దగ్గరా బెలూన్లు తాగి ఎగిరాయని, పక్కన పడేసినవన్నీ రెండు రోజులుగా మళ్ళీ లెక్క కట్టిస్తున్నానని, మెరకపేట చెప్పినదే నిజమని అన్నారు. ఉపగ్రహం అంకె వాడుకోమన్న మాట తనదేనని, దాన్ని తాను మర్చిపోయానని కూడా అన్నారు. చెప్పాక కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి మళ్ళీ పెట్టుకోలేదు. ఆ తరవాత దూరాన ఏదో ద్వీపంలోని కేంద్రంవాళ్ళు తమ సంగతీ అంతేనన్నారు. వాళ్ళ వెనక ఇంకొకరు. ఒకళ్ళు నోరు విప్పాక మిగిలినవాళ్ళకు ధైర్యం వచ్చింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. ఇకమీదట కొత్త పొడి చల్లరు. ఉన్నది నెమ్మదిగా కిందికి దిగిపోతుంది. అదంతా దిగాక ఓజోన్ కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది, వేడి మాత్రం ముందే తిరిగొస్తుంది. ఈలోగా ఎండపట్టున ఎవరూ పనిచేయకూడదని ఆ రోజునుంచే హెచ్చరిక.

గెలిచానని ఇందుమతికి అనిపించలేదు. కేంద్రం నుంచి ఇంటికి నడుస్తుంటే దారికి రెండువైపులా మడుల్లో జనం ఉప్పు గోకుతున్నారు. తలమీద గుడ్డ లేదు, మగవాళ్ళకు చొక్కాలు లేవు. ఎండ హాయిగా, మాఘమాసపు ఎండలా ఉంది. ఎవరో, “ఏటమ్మా, మీ ఆయనకి కన్నెలాగుంది?” అని పలకరించారు. ఆమె ఏదో చెప్పి ముందుకు నడిచింది. ఈ మాట వాళ్ళకు ఎలా చెప్పాలో, చెబితే తన మొహం వాళ్ళు మళ్ళీ చూస్తారో లేదో తెలియలేదు.

పోలమ్మ గుమ్మంలో కూర్చుని రొయ్యలు వొలుస్తోంది. గవరయ్య లోపల కంట్లో మందు వేసుకుని పడుకున్నాడు. ఇందుమతి చెప్పులు విడిచి అక్కడే మెట్టు మీద కూలబడింది.

“గొడుగు తీసేస్తున్నారత్తా.”

పోలమ్మ చేతులు ఆగాయి. “ఎవులు తియ్యమన్నారు?”

“నేనే చెప్పాను. దానివల్లే కళ్ళు పోతున్నాయి. మీ అబ్బాయివీ, అందరివీ.”

“తీసేస్తే ఎండ మల్లీ అలగే కాస్తాదా? పెద్దోడు పోయినప్పటిలాగ?”

“కాస్తుందత్తా.”

“మల్లీ జనం పోతారా?”

“పోవచ్చు.”

“నువ్వు సెప్పకపోతేనో?”

“చూపు పోయేది. కొన్నాళ్ళకి ప్రాణాలూ పోయేవి.”

“ఏది ఎక్కువో కొలిసేవా?”

“లేదు,” అంది ఇందుమతి. “అది కొలవడం నాకు చేతకాదత్తా. ఉన్నది లేదని చెప్పలేకపోయాను, లేనిది ఉందని చెప్పలేకపోయాను. అంతే.”

లోపల మంచం కిర్రుమంది. గవరయ్య మేలుకునే ఉన్నాడు. పోలమ్మ రొయ్యల పళ్ళెం పక్కకు జరిపింది. చేతులు చెంబు నీళ్ళతో కడుక్కుంది. వేలు వేలూ తీరిగ్గా, ఎవరి మీదా కోపం లేనట్టు కడుక్కుంది.

“ఎండకొక కొడుకునిచ్చాను,” అంది. “నీడకొక కొడుకు కళ్ళిచ్చాను. ఎవుల్ని తిట్టాలో నాకు తెల్డం నేదు కోడలమ్మా. నిన్నయితే కాదు.”

ఇందుమతి మోకాళ్ళలో మొహం దాచుకుంది. ముసలామె ఆమె తలమీద చెయ్యేసి, ఆ ఊతంతోనే పైకి లేచింది.

“మడుల్లో ఆళ్ళకి తెలుసా?”

“ఇంకా లేదు. సాయంత్రం అందర్నీ పిలిచి నేను చెబుతాను.”

“నువ్వొద్దు. నువ్వు సెప్తే సదువుకున్నోళ్ళ మాటంతారు. మొన్న గొడుగు మంచిదన్నారు, నేడు సెడ్డదంతన్నారంతారు. ఆ తరవాత నోటికొచ్చింది అంతారు.” పోలమ్మ గుమ్మం దిగింది. “నాను సెప్తాను. రెండేపులా పోగొట్టుకున్నదాన్ని. నన్నేటంతారు?”

“ఇప్పుడే ఎందుకత్తా? ఎండలో...”

“సాయంత్రందాకా ఆళ్ళ కళ్ళు కాలొద్దా మరి?”

ఆ చల్లటి మధ్యాహ్నం, మెరకపేటలో గొడుగు వచ్చాక ఎవరూ చెయ్యని పని ఒకటి చేసింది పోలమ్మ. చీరకొంగును నుదుటి మీంచి కళ్ళదాకా ముసుగులా లాక్కుని, అడుగులు తడుముకుంటూ, ఉప్పు మడులవైపు నడిచింది.